మూడు నేల మీద, మూడు గాలిలో

పోయిన నెల ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ఓపెనింగ్‌కు వెళ్లాను. కొబ్బరికాయలు కొట్టారు, హారతి ఇచ్చారు, దేవుడి పటాల మీద క్లాప్ కొట్టారు. అందరం పులిహోర ప్లేట్లు పట్టుకుని నిలబడ్డప్పుడు మేనేజరొకడు పక్కవాడితో అన్నాడు: "అంతా సవ్యంగా జరిగింది. ఆరుకాళ్లాయన్ని ఎవరూ పిలవలేదు కదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తొమ్మిదేళ్లుగా ఈ మాటకు నవ్వుతూనే ఉన్నాను, అలవాటైపోయింది.

ఒక ముసలి లైట్‌మన్ మాత్రం నవ్వలేదు. ప్లేటు పక్కన పెట్టి, "గాయన ఇగ ఎవ్వలు పిలిచినా రాడు సార్. పోయి నెల దాటింది. ఊపిరి అందక ఎర్రగడ్డ ఛాతీ దవాఖానల శాన రోజులున్నడు," అన్నాడు.

మేనేజరు "అయ్యో" అన్నాడు. ఇంకొంచెం పులిహోర పెట్టించుకున్నాడు.

కొత్తవాళ్లకు ఆరుకాళ్లాయన గురించి తెలిసింది ఇంతే. ఎవరో ఒక ట్రాలీ మనిషి ఇంట్లో కూర్చుని ఆరుకాళ్ల రోబో తయారుచేశాడు. ఒక సినిమా ఓపెనింగ్‌లో నడిపించడానికి తెచ్చాడు. టెస్ట్ చేయకుండానే చేశానని చెప్పాడు. అది దేవుడి పటాల ముందు బోర్లా పడింది, తర్వాత ఆ సినిమా ఆగిపోయింది. ఈ కథలో ఒక్క ముక్క అబద్ధం. దాన్ని చేర్చింది నేను. ఆ ముక్క తీసేయడానికే ఇది రాస్తున్నాను.

ఆయన ఏ గదిలోకి వచ్చినా ముందు వంగి నేల మీద అరచెయ్యి ఆనించేవాడు. చూసినవాళ్లు భూదేవికి మొక్కుతున్నాడనుకునేవారు. ఆయన చూసేది వాలు. ట్రాక్, ట్రాలీ ఆయన పని. పట్టాలు పరిచి, వాటి మీద కెమెరా బండిని కుదుపు లేకుండా తోయాలి. పట్టాల కింద చెక్క ముక్కలు దూర్చి మట్టం సరిచేయాలి. మిగతావాళ్లు రసమట్టం పెట్టి చూసుకునేవారు. ఆయనకు జేబులో ఒక గాజు గోళీ చాలు. నా ఆఫీసు గదికి మొదటిసారి వచ్చినప్పుడు ఆ గోళీని నా టేబుల్ మీద వదిలి, అది దొర్లిన దిక్కు చూసి, "సార్, మీ టేబులు ప్రొడ్యూసర్ రూము దిక్కు వంగింది," అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. చిన్న చెక్క ముక్క ఒకటి టేబుల్ కాలి కింద పెట్టి వెళ్లిపోయాడు.

నేనప్పుడు కో-డైరెక్టర్‌ని. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. నేను "ఏవయ్యా", "నువ్వు" అనేవాణ్ణి. ఆయన నన్ను "సార్" అనేవాడు. ఇక్కడ "ఆయన" అని రాస్తున్నాను గానీ, బతికున్నప్పుడు ఒక్కసారి కూడా ఆ గౌరవం ఇచ్చిన గుర్తులేదు.

జూబ్లీహిల్స్‌లో ఇంకా ఇళ్లు లేని ఒకచోట బండల మీద షాట్ పెట్టుకున్నాం. కెమెరా బండల మీదుగా పాకుతూ వెళ్లాలని డైరెక్టర్ కోరిక. ఆ ఎగుడుదిగుళ్ల మీద పట్టాలు ఎలా పరుస్తారు? పొద్దంతా చెక్క ముక్కలు దూర్చాడు. ఒకవైపు సరిచేస్తే ఇంకోవైపు లేచేది. చివరికి వెలుతురు పోయి షాట్ వదిలేశాం. సామాన్లు సర్దుతుంటే ఆయన ఒక బండ పక్కన గొంతుక్కూర్చుని కదలడం లేదు. దగ్గరికి వెళ్లాను. పెద్ద గండుచీమ ఒకటి బండ అంచు ఎక్కుతోంది.

"దీనికి పట్టాలెవడు ఏసిండు సార్?" అన్నాడు.

అంతే, అక్కడ మొదలైంది. చీమ మరీ చిన్నది, కాళ్లు ఎలా వేస్తుందో కంటికి ఆనదు. అందుకని బొద్దింకల్ని పట్టి పచ్చడి జాడీలో ఉంచాడు. గచ్చు మీద ముగ్గుపిండి పలచగా చల్లి, ఒకదాన్ని వదిలి, అది నడిచిన గుర్తుల్ని కళ్లజోడు పెట్టుకుని చదివేవాడు. "అందరి ఇండ్లల్ల బొద్దింకల్ని సంపుతరు. మా ఇంట్ల మేపుతరు," అని ఆయన భార్య యూనిట్‌లో కనబడ్డవాళ్లకల్లా చెప్పేది. జూనియర్ ఆర్టిస్టుల బట్టలు ఇస్త్రీ చేసే పని ఆమెది.

ఆ రోజుల్లో ఆయనతో టీ తాగడం కష్టమయ్యేది. రెండు చేతుల బొటనవేళ్లూ చిటికెన వేళ్లూ మడిచి, మిగిలిన మూడేసి వేళ్లనూ బల్ల మీద నిలబెట్టేవాడు. ఆరు వేళ్లు, ఆరు కాళ్లు.

"జూడుర్రి. గిటు ముందటిది, ఎనకది. గటు నడిమిది. గీ మూడు నేల మీద. తక్కిన మూడు గాలిల. మళ్ల మారాలె. గా మూడు నేల మీద, గీ మూడు గాలిల. ఎప్పుడైన మూడు నేల మీదుంటె ఫికర్ లేదు సార్. ముక్కాలిపీట ఎన్నడన్న ఊగుతదా?"

ఇలా చెబుతూ వేళ్లతో గ్లాసుల మధ్య నుంచి, బిస్కెట్ ముక్కల మీదుగా బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. టీ చల్లారిపోయేది. ఎవరైనా "ఏంటి, సాలీడు చేస్తున్నావట" అంటే ఊరుకునేవాడు కాదు. "సాలెపురుగుకు ఎనిమిది. లెక్కపెట్టి మాట్లాడుర్రి," అనేవాడు. అన్నవాడు ఒప్పుకునేదాకా ఎదురుగా నిలబడేవాడు.

మూడేళ్లు పట్టింది. కాలికి మూడు చొప్పున పద్దెనిమిది మోటర్లు. ఒకటి కాలిని ముందుకూ వెనక్కూ తిప్పడానికి, ఒకటి ఎత్తడానికి, ఒకటి మోకాలు వంచడానికి. సెట్లలో పారేసిన రిఫ్లెక్టర్ల అల్యూమినియం చట్రాలు కోసి కాళ్లు చేశాడు. పాదాలకు ముసలివాళ్ల చేతికర్రల కింద వేసే రబ్బరు తొడుగులు తొడిగాడు. చదివింది పదో తరగతి. ప్రోగ్రాం రాయడం ఫోన్‌లో హిందీ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఇంగ్లీషు మాటల్ని తెలుగు అక్షరాల్లో ఒక పొడుగు నోట్‌బుక్‌లో రాసుకునేవాడు.

చూడ్డానికి రమ్మంటే ఒక ఆదివారం ఉదయం వెళ్లాను. ఫిల్మ్ నగర్ వెనక వాలు మీద, మెట్లెక్కి వెళ్లాల్సిన ఒంటిగది ఇల్లు, పైన చిన్న డాబా. డాబా మీద చెప్పులు, ఇటుకలు, అప్పడాల కర్ర అడ్డదిడ్డంగా పరిచి ఉంచాడు. ఒక మూల ఎండుమిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నడుమ ఆ యంత్రం కాళ్లు చాపుకుని పొట్ట నేలకు ఆనించి పడుకుంది. ఆయన దాన్ని చీమ అనేవాడు. స్విచ్ వేయగానే పద్దెనిమిది మోటర్లూ కలిసి సన్నగా రొద చేశాయి. అది లేచి నిలబడింది.

"గీ లేసి నిలబడుడుకే ఎనిమిది నెలలు వట్టింది," అన్నాడు.

దాని వీపు మీద నిండా టీ ఉన్న స్టీలు గ్లాసు పెట్టాడు. అది నడిచింది. చెప్పు ఎక్కింది, ఇటుక ఎక్కింది, అప్పడాల కర్ర మీద ఒక పాదం జారి మళ్లీ చోటు వెతుక్కుంది. నేను కాళ్లు చూస్తున్నాను. ఆయన కాళ్ల వైపు చూడలేదు, గ్లాసులో టీ అంచునే చూస్తున్నాడు. ఒక్క చుక్క ఒలకలేదు. అది మిరపకాయల వైపు తిరిగేసరికి కింద నుంచి భార్య గొంతు వినబడింది.

"నీ చీమకు జెప్పు, మిరపకాయలు దొక్కితె కాళ్లిరగ్గొడ్త."

జానెడు దూరంలో అది ఆగి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. "నాకంటె అదే ఎక్కువ భయపడ్తది ఆమెకు," అన్నాడు. ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

దాన్ని ఓపెనింగ్‌లో నడిపిద్దామన్న ఆలోచన నాది. వీపు మీద క్లాప్ బోర్డు మోసుకుంటూ దేవుడి పటాల దాకా నడిచి రావాలి. ఆయనకు ఇష్టం లేదు. "పూజలెందుకు సార్? బండల మీద కెమెరా పెట్టి చూపిస్త. అది గందుకే పుట్టింది," అన్నాడు. నేను వినలేదు. ఆ సినిమా అయ్యాక డైరెక్షన్ ఛాన్స్ ఇస్తానని ప్రొడ్యూసర్ నాకు మాటిచ్చి ఉన్నాడు. ఆ ఉదయం ప్రొడ్యూసర్‌కు నా పేరుతో గుర్తుండిపోవాలని నా ఆశ.

ముందు రోజు స్టూడియో ఫ్లోర్‌లో నాలుగుసార్లు నడిపించాడు. నాలుగుసార్లూ పటాల దాకా వచ్చి ఆగింది. మర్నాడు ఉదయం దాని ఆరు మోకాళ్లకూ కుంకుమ బొట్లు పెట్టారు, మెడ లేకపోయినా బంతిపూల దండ వేశారు. ముహూర్తం దగ్గరపడింది. ప్రొడ్యూసర్ ప్రతి పనికీ అడిగే సిద్ధాంతిగారు ఒకరున్నారు. ఆయన దాని చుట్టూ తిరిగి చూసి, "ఏ కాలు ముందు పెడుతుందండీ?" అన్నారు.

ఎవరికీ తెలియదు. ప్రొడ్యూసర్ నన్ను పిలిచాడు. "చూడవయ్యా, కుడికాలే ముందు పెట్టాలి. అప్పుడు ఎడమది కదలకూడదంటున్నారు. పెళ్లికూతురైనా అంతేగా. చెప్పు వాడికి."

వెళ్లి చెప్పాను. ఆయన నా మొహం చూశాడు, హాస్యమాడుతున్నానేమోనని.

"ఇది మూడు కాళ్లు ఒక్కపారి లేపుతది సార్. అండ్ల కుడివి ఉంటయ్, ఎడమవి ఉంటయ్."

"కుడివైపు మూడూ ముందు లేపించు."

ఆయన వేళ్లను ట్రాలీ పలక మీద నిలబెట్టి, కుడిచేతి మూడు వేళ్లు పైకి తీశాడు. చెయ్యి పక్కకు ఒరిగిపోయింది. "గిట్ల పడ్తది," అన్నాడు.

"పోనీ ఒక్క కాలు."

కాసేపు ఆలోచించాడు. "అయితది. ముందటి కుడికాలు ఒక్కటి ముందుగాల ఏస్తది. కాని దాని ఎనుక అడుగుల లెక్కంత మారుతది. బోర్డు బరువు గూడ ముందటికే ఉంది. అర్ధగంట ఇయ్యుర్రి, నడిపించి చూసుకుంట."

"ముహూర్తం పన్నెండు నిమిషాల్లో ఉంది."

"అయితె ఇప్పటికి నేను చేతుల్ల పట్టుకొని తీస్కపోత. పూజ అయినంక నడిపిద్దం. పరీక్ష చెయ్యకుంట ఇడిస్తె పడ్తది సార్. ముందే చెప్తున్న."

ఈ చివరి మాట ఆయన అన్నట్టే రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు. వెళ్లి ప్రొడ్యూసర్‌కు చెప్పి ఉంటే ఒక్క నిమిషం చిరాకు పడేవాడు, అంతే. ఆ చిరాకు నా మీద పడడం నాకు ఇష్టం లేదు. "పడదులే, మార్చెయ్," అన్నాను. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని, లాప్‌టాప్ తొడ మీద పెట్టుకుని, రెండు వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. దూరం నుంచి ప్రొడ్యూసర్ "రెడీయా?" అని సైగ చేశాడు. నేను బొటనవేలు చూపించాను.

కుడికాలు లేచింది. ముందుకు పడింది. అందరూ చప్పట్లు కొట్టారు, ప్రొడ్యూసర్ చేతులు జోడించాడు. రెండో అడుగుకే ముందుభాగం కుంగింది. క్లాప్ బోర్డు బరువుకు తల నేలకు కొట్టుకుని, వెనక కాళ్లు గాల్లో ఆడిస్తూ బోర్లా పడింది. ఒక కాలు తగిలి హారతి పళ్లెం తిరగబడింది. కర్పూరం ఆరిపోయింది. మోటర్ల రొద ఒక్కటే వినిపిస్తోంది. ఆయన పరుగెత్తుకెళ్లి స్విచ్ ఆపాడు. తర్వాత అక్కడే కూర్చుని బంతిపూలు ఏరడం మొదలుపెట్టాడు.

ప్రొడ్యూసర్ నన్ను బయటికి తీసుకెళ్లాడు. "ఏంటయ్యా ఇది? చూసుకోలేదా?"

"టెస్ట్ చేశానన్నాడండీ," అన్నాను.

అంతే నేనన్నది. ఆయన లోపలే ఉన్నాడు, వినలేదు. మధ్యాహ్నానికి యూనిట్ అంతా విన్నది.

రెండో షెడ్యూల్‌లో హీరోకు పచ్చకామెర్లు వచ్చాయి, సినిమా ఆగింది. నడిబజారులో నిలబడి ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. ఇక్కడ అలా అనరు. ముందు ఓపెనింగ్‌లకు పిలవడం మానేశారు. తర్వాత మొదటి షెడ్యూళ్లకు. తర్వాత "ఈసారికి వేరేవాళ్లు ఉన్నారు" అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ చేతికి తోయడానికి ట్రాలీ లేదు. నేనూ పిలవలేదు. నాకు డైరెక్షన్ ఛాన్స్ కూడా రాలేదు. అదే నాకు శిక్ష అని చెప్పుకుని కొన్నాళ్లు తేలిగ్గా బతికాను.

ఆయన్ని మళ్లీ చూసింది బంజారా హిల్స్‌లోని ఒక ఆసుపత్రిలో. కిడ్నీలో రాయి తీయించుకోవడానికి చేరాను. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్తున్నారు. పైన లైట్లు ఒకదాని వెనక ఒకటి జరుగుతున్నాయి. కుదుపే లేదు. గొంతు వినకముందే ఆ తోపుడు గుర్తుపట్టాను.

"జర గడప వస్తంది సార్. కదలకుర్రి," అన్నాడు తల వెనక నుంచి. గడప వచ్చిందో లేదో నాకు తెలియలేదు.

"ఇక్కడ చేస్తున్నావా?" అన్నాను.

"ఇది గూడ ట్రాలీనే గద సార్. పట్టాలు లేవు గంతే. కెమెరాకు నొప్పి ఉండది, ఈడ ఉంటది."

లిఫ్ట్ కోసం ఆగాం. ఇద్దరమే ఉన్నాం. ఆయన వంగాడు. మొహం నాకు తలకిందులుగా కనిపించింది, బాగా చిక్కిపోయి.

"ఒక్క మాట అడుగుత సార్, ఏమనుకోకుర్రి. ఆ దినం నేను టెస్ట్ చేసిన అన్ననా? అన్నవనే అంటున్రు అందరు. నాకైతె పడ్తదని చెప్పినట్టే యాదికున్నది. మీరు దగ్గరున్నరు గద. మీకెట్ల యాదికున్నది?"

మత్తు ఇంకా ఇవ్వలేదు. ఆ సాకు కూడా నాకు లేదు. చుట్టూ ఎవరూ లేరు, పోయేది ఏమీ లేదు, ప్రొడ్యూసర్ నన్ను ఎప్పుడో మర్చిపోయాడు. నేను పైన లైటు వైపు చూస్తూ, "అన్నావనే గుర్తు," అన్నాను.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. "అన్ననేమో," అన్నాడు. "హడావుడి గద. మీరెందుకు ఉత్తగ చెప్తరు."

లిఫ్ట్ వచ్చింది. స్ట్రెచర్ ముందుభాగం కొంచెం ఎత్తి, అంచు దాటించి, నన్ను మెల్లగా లోపలికి తీసుకెళ్లాడు.

పోయిన నెల ఆ ఓపెనింగ్ నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. ఆమె గది ముందు నిలబడి ఎవరివో పోలీసు దుస్తులు ఇస్త్రీ చేస్తోంది. కూర్చోమని స్టూలు చూపించింది. నేను కూర్చోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన టెస్ట్ చేశానని అనలేదని, పడుతుందని ముందే చెప్పాడని, ప్రొడ్యూసర్‌కు అబద్ధం చెప్పింది నేనని, ఆసుపత్రిలోనూ అబద్ధమే చెప్పానని.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"అనలేదా?"

"లేదమ్మా."

"పక్కాగ యాదికున్నదా మీకు?"

"ఉంది. ఇన్నేళ్లూ ఉంది."

"ఆయనకు లేకుండె," అంది. "పడ్డంక గూడ దాన్ని బాగు చేసుకొని రోజు డాబా మీద నడిపించెటోడు. దవాఖానల మీరు కలిసిన దినం ఇంటికొచ్చి, నేనే అన్ననట, సారుకు గూడ అట్లనే యాదికున్నదట అన్నడు. తెల్లారి కూసొని పద్దెనిమిది మోటర్లు ఇప్పిండు. నేను వద్దన్న. చెయ్యని టెస్టు చేసిన అన్నోడు ఇసొంటియి ముట్టద్దు అన్నడు. కాళ్లు పాతసామానోనికి ఏసిండు."

"ఇదంతా రాస్తాను. పేపర్లో వేయిస్తాను. ఆయన పేరుతో," అన్నాను.

"పేరు వద్దు," అంది వెంటనే.

"అందరికీ తెలియాలి కదమ్మా, తప్పు ఆయనది కాదని."

"మా బిడ్డ ఎడిటింగ్ రూంల పనిజేస్తది. వాళ్ల నాయన ఎవరో ఆడ ఎవ్వలకు చెప్పలె. పేరు రాస్తె తెలుస్తది. మీరు తప్పు నాది అని రాసుకుంటరు, సదివినోళ్లు అయ్యో అంటరు. పూజ దినం మాత్రం నా బిడ్డను బయట నిలబెడ్తరు. మీకు తెల్వదా సార్, మీరు గూడ గా సిన్మోళ్లే గద." ఇస్త్రీపెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "రాసుకోర్రి. మీ పేరు పెట్టుకోర్రి. ఆయన పేరు వద్దు."

ఆమె చెప్పినట్టే చేశాను. టెస్ట్ చేశానని ఆయన అనలేదు. ఆ ఆయన ఎవరో చెప్పే వీలు నాకు లేదు.